చదివినట్టుగా భావించిన ప్రసంగం

తున్హా నగరంలో మా న్యాయకళాశాల ఏటా జరిపే ప్రజాన్యాయ, మానవహక్కుల సదస్సుకు మూడు మూలస్తంభాలు: వేదిక మీది పూలగుత్తి, ఒంటి గంట భోజనం, వందన సమర్పణ. మొదటి రెండింటికీ లోటు వచ్చిన సంవత్సరాలున్నాయి. మూడోదానికి ఎన్నడూ రాలేదు.

మా వందన సమర్పణ సామాన్యమైనది కాదు. మైకు ముందు నిలబడిన ప్రతి వక్తా వేదిక మీద ఆసీనులైన పదకొండు మందినీ పేరుపేరునా, హోదా క్రమంలో, బిరుదులతో సహా స్మరించిన తర్వాతే విషయంలోకి వస్తాడు. రెక్టరు గారి తర్వాత డీను గారు, ఆ తర్వాత న్యాయమూర్తులు, ఆ తర్వాత బిషప్పు గారి ప్రతినిధి, పోలీసు కర్నలు, అలా సాగుతుంది. కర్నలు పేరు బిషప్పు ప్రతినిధి పేరుకంటే ముందు దొర్లినందుకు తెగిపోయిన స్నేహాలు నేనెరుగుదును. ఈ అష్టోత్తరానికి పద్నాలుగు నిమిషాలు పడుతుంది. ప్రసంగానికి ఇచ్చేది ఇరవై. టై కట్టిన ప్రతివాడూ డాక్టరు గారే అయిన దేశం మాది. సదస్సు రోజున గేటు దగ్గరి కాపలాదారు ఎందుకైనా మంచిదని పూలగుత్తి తెచ్చినవాణ్ణి కూడా డాక్టరు గారూ అనే పిలుస్తాడు.

ఈ మహాయజ్ఞంలో బలిపశువు హెర్మోహెనెస్ పులీదో ఆచార్యులు. ఎవరినీ నొప్పించని మనిషి. కనుక ఎవరికీ ఇష్టం లేని వరస ఆయనకే దక్కేది: భోజనానికి ముందు, చిట్టచివర. ఆయన ప్రసంగం పేరు ‘తన మాట వినిపించుకునే హక్కు’. నిడివి తొమ్మిది నిమిషాలు. వాళ్ళావిడ వంటింటి గడియారం పెట్టి కొలిచింది. పదకొండేళ్ళుగా అదే ప్రసంగం. ఎందుకంటే పదకొండేళ్ళుగా అది పూర్తి కాలేదు. పావు తక్కువ ఒంటి గంటకు ఆయన మైకు ముందుకు వస్తారు. మర్యాద తప్పడం ఆయన రక్తంలో లేదు గనక పదకొండు మందికీ వందనం చేస్తారు. ఆపైన మొదటి వాక్యం చదువుతారు: “ఒక మనిషి మాట విన్నామో లేదో తేల్చవలసింది ఎవరు?” గంట మోగుతుంది. అధ్యక్షులు అరిస్తీదెస్ వాల్బుయేనా గారు లేచి, సమయాభావం వల్ల ఆచార్యుల వారి ప్రసంగాన్ని చదివినట్టుగా భావిద్దామంటారు. కరతాళ ధ్వనులు. భోజనం. రికార్డింగు విని అచ్చువేసే మా సదస్సు సంపుటాలు పదకొండింటిలోనూ ఆ ప్రశ్న ఉంది, దాని కింద కుండలీకరణాల్లో చప్పట్లున్నాయి. జవాబు లేదు.

నేను చెప్పబోయే ఏడాది డిసెంబరులో ఆచార్యులు ఉద్యోగ విరమణ చేస్తున్నారు. విశ్రాంత ఆచార్యులు పూలగుత్తి వెనకాల కూర్చోవలసిందే తప్ప మాట్లాడే ఆచారం మా దగ్గర లేదు. అంటే, ఈసారి కాకపోతే ఇక ఎప్పటికీ లేదు.

ఈ సంగతి సభలో అందరికీ తెలుసు. బాధ పడింది మాత్రం ఒక్కరే: ఉబాల్దీనా తిబాదుయిసా. ఇరవై రెండేళ్ళుగా మా సదస్సుల్లో నల్లకాఫీ పంచుతున్న ఆమె, ఊలు శాలువా కప్పుకుని, పళ్ళెం పట్టుకుని, తలుపు దగ్గర నిలబడి ప్రతి ప్రసంగమూ విన్నది. కుర్చీల్లో కూర్చున్న మాలో అంత మాట చెప్పగలవాళ్ళు లేరు.

సదస్సు జరిగిన ఆ శుక్రవారం అంతా ఆనవాయితీ ప్రకారమే జరిగింది. ఆచార్యులు పదకొండు వందనాలు ముగించారు, కళ్ళజోడు సవరించుకున్నారు, ప్రశ్న చదివారు. గంట మోగింది. వాల్బుయేనా గారు లేచి చదివినట్టుగా భావిద్దామన్నారు. పక్క హాల్లోంచి మాంసం, దుంపల కూర వాసన వస్తోంది. సగం సభ అప్పటికే లేచింది. ఆచార్యులు కాగితాలు మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుంటున్నారు.

ఉబాల్దీనా పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టింది.

“జడ్జమ్మగారూ,” అంది మూడో వరసకేసి చూస్తూ. “నేను తుతేలా వేస్తున్నా.”

మూడో వరసలో కూర్చున్నది పురపాలక న్యాయాధికారిణి నోరా చపారో. హాజరు పత్రం కోసం వచ్చిన ఆమె నోట్లో ఆ క్షణాన సగం జున్నురొట్టె ఉంది. తుతేలా అంటే మా రాజ్యాంగం సామాన్యుడి చేతికిచ్చిన బ్రహ్మాస్త్రం: హక్కు పోతోందనుకున్న ఎవరైనా సరే, ఏ న్యాయాధికారినైనా సరే, ఏ చోటనైనా ఏ వేళనైనా, వకీలు లేకుండా, నోటిమాటతోనైనా అడగవచ్చు. పది రోజుల్లో తీర్పు చెప్పి తీరాలి. ఈ సంగతి మీద వాల్బుయేనా గారు నాలుగు వందల పేజీల గ్రంథం రాశారు. అందులో ‘ఏ చోటనైనా’ అన్న మాటకే ఒక అధ్యాయం. అయితే ఆ చోటు తమ సభామందిరం కావచ్చునని ఆ అధ్యాయం ఊహించలేదు.

వాల్బుయేనా గారు చిరునవ్వుతో, ఇది సదస్సు అని, కోర్టు కాదని సెలవిచ్చారు.

“ఎక్కడైనా అన్నారుగా డాక్టరు గారూ, పొద్దున పదిన్నరకి. పోయినేడూ అన్నారు. అంతకు ముందేడు బస్టాండులోనైనా సరే అన్నారు.”

సభ మళ్ళీ కూర్చుంది. కూర వాసన తన ప్రాభవాన్ని కోల్పోవడం నేను కళ్ళారా చూశాను.

హక్కు ఆచార్యుల వారిదైతే ఈమె ఎలా అడుగుతుందని వాల్బుయేనా గారు శాస్త్రార్థం లేవదీశారు. తన కోసం తాను అడగలేనివాడి తరఫున ఎవరైనా అడగవచ్చని తమరే సెలవిచ్చారని ఆమె గుర్తుచేసింది. ఆచార్యులకు నోరుంది కదా అన్నారాయన. “మర్యాద ఉంది బాబూ, నోరు లేదు,” అందామె. వేదిక మీద బిషప్పు గారి ప్రతినిధికి దగ్గొచ్చింది. ఇది కోర్టు దాఖలు శాఖ ద్వారా రావాలని వాల్బుయేనా గారు చివరి అస్త్రం వేశారు. ఉబాల్దీనా వేదిక మీది బల్లకేసి చూసింది. నాలుగు వందల పేజీల గ్రంథం ఆయన ముందే, బల్ల మీద, అమ్మకానికి ఉంది.

న్యాయాధికారిణి రొట్టె మింగి, లేచి నిలబడింది.

“నీకేం కావాలో చెప్పమ్మా.”

“పదకొండేళ్ళుగా ప్రశ్న వింటున్నా. జవాబు కావాలి. డిసెంబరు దాటితే ఆయనా ఉండరు, జవాబూ ఉండదు.”

చపారో గారు చేతికంటిన రొట్టెపొడి దులుపుకున్నారు. కాగితాలు సాయంత్రం దాఖలు శాఖకు పంపుతానని, తీర్పుకు తనకు పది రోజుల గడువుందని, కానీ అంతలో హాని జరిగిపోయేటట్టుంటే తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వవచ్చని వివరించి, ఇచ్చేశారు: భోజనం పదిహేను నిమిషాలు నిలుపుదల, ఆచార్యులు ఇప్పుడే, ఇక్కడే, పూర్తిగా మాట్లాడాలి. రెక్టరు గారు హుందాగా తలూపారు. నలభై ఏడుగురు రాజ్యాంగ నిపుణుల సమక్షంలో తుతేలాను ధిక్కరించిన మొదటి రెక్టరుగా చరిత్రకెక్కాలని ఆయనకు లేదు.

ఆచార్యులు జేబులోంచి కాగితాలు తీసి మైకు ముందుకు వచ్చారు. గొంతు సవరించుకున్నారు.

“గౌరవనీయులైన రెక్టరు గారికి, గౌరవనీయులైన డీను...”

సభ మొత్తం ఊపిరి బిగబట్టింది.

“ఆచార్యులవారూ,” అన్నారు చపారో గారు. “వందనాలు చేసినట్టుగా భావిద్దాం.”

ఆ రోజు చప్పట్లు సంపుటంలో ఒకటిన్నర పంక్తి ఆక్రమించాయి. వాల్బుయేనా గారు కూడా కొట్టారు. కాస్త ఆలస్యంగానే అయినా, గట్టిగా కొట్టారు.

ఆచార్యులు ప్రశ్న మళ్ళీ చదివి, ఈసారి రెండో వాక్యంలోకి అడుగుపెట్టారు. పడుచుతనంలో తాను ఒక కొండ ఊళ్ళో న్యాయాధికారిగా ఉన్నప్పుడు, పొలానికి నీటి వాటా కోసం ఒక ముసలమ్మ కోర్టు వాకిటికి వచ్చిందట. ఆమె చెప్పిందంతా విని, విన్నానమ్మా వెళ్ళిరా అన్నారట. మర్నాడు మళ్ళీ వచ్చి అదే చెప్పింది. విన్నానన్నారు. మూడోనాడూ వచ్చింది. విసుగొచ్చి, ఎన్నిసార్లు వినాలని అడిగారట. ఆ ముసలమ్మ, విన్నావని నువ్వనుకుంటే సరా నాయనా, నేననుకోవద్దా, నేను చెప్పింది తిరిగి చెప్పు చూద్దాం అన్నదట. న్యాయాధికారి నోరు తెరిచారు. ఆమె పేరు తప్ప ఒక్క ముక్క గుర్తులేదు. నలభై ఏళ్ళ బోధనలో తాను చెప్పదలచిందంతా ఆ వాకిట్లో నేర్చుకున్నదేనన్నారు ఆచార్యులు.

సరిగ్గా తొమ్మిదో నిమిషాన కాగితాలు మడిచారు. న్యాయాధికారిణి ఇచ్చిన గడువులో ఇంకా ఆరు నిమిషాలు మిగిలాయి. మా సదస్సు చరిత్రలో సమయం మిగలడం అదే ప్రథమం. దానితో ఏం చేయాలో అధ్యక్షులకు తెలియలేదు, వేదికకు తెలియలేదు. గంట మీద చెయ్యి పెట్టిన వాల్బుయేనా గారు దాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఆచార్యులు సభ వైపు చూశారు. వేదిక వైపు కాదు, తలుపు వైపు.

“ఏమమ్మా ఉబాల్దీనా, నేను చెప్పిందేమిటి?”

ఆమె శాలువా సర్దుకుంది.

“విన్నామని విన్నవాడు చెబితే చాలదు. చెప్పినవాడు ఒప్పుకోవాలి.”

ఆచార్యులు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. పదకొండేళ్ళ తర్వాత నెమ్మదిగా తలూపారు.

“విన్నావు తల్లీ.”

ఉబాల్దీనా కిటికీ గట్టు మీది పళ్ళెం అందుకుంది. మొదటి కప్పు రెక్టరు గారికివ్వడం ఆనవాయితీ. ఆమె వేదికను దాటి, మైకు దగ్గరికి నడిచింది.

“తాగండి డాక్టరు గారూ, చల్లారిపోతోంది. ఇంకా ఐదు నిమిషాలుంది.”