అమరావతిలో కుళాయి

ఫోను స్పీకర్లో పెట్టి మంచం మీద ఉంచి, మా ఆయన ఇమ్మానియేలు కాళ్ళు చాపుకున్నాడు. నేను నేల మీద కూర్చుని మిరపకాయలకు తొడిమెలు తీస్తున్నాను. అవతల మా అమ్మాయి ఆరాధన, బెంగుళూరు నుంచి. హాస్టల్లో దానితో ఉండే పిల్లలు మన వైపు వస్తామన్నారట. పొద్దున అమరావతి, సాయంత్రం వాడరేవు సముద్రం.

"ఏం చూపించాలి నాన్నా? ఏం తినిపించాలి? మీరు చాలాసార్లు పోయారుగా."

"పెందలాడే పోవాలమ్మా. ఎండెక్కితే దీపాలదిన్నె స్తూపం కాడ రాళ్ళు కాళ్ళు కాలుస్తయ్యి. ముందు దిన్నె, తర్వాత మ్యూజియం, ఆనక పెద్ద బుద్ధుడు. వాడరేవులో పొద్దు వాలకముందే ఒడ్డున ఉండాలి. తిండి సంగతి మీ అమ్మనడుగు."

బాగా చెప్పాడు. ఆయనకు చూడటం వచ్చు.

"అమ్మా, అమరావతిలో నీకు అన్నిటికంటే ఏది నచ్చింది?"

ఏదో చెబుదామని నోరు తెరిచాను. వచ్చింది ఇదీ: "కుళాయి బాగుంటదమ్మా. ఏటి పక్కన వేపచెట్టు కాడ. ధార గట్టిగా వస్తది."

మా ఆయన మంచం కదిలేట్టు నవ్వాడు. "మీ అమ్మను తాజ్‌మహల్ ముందు దించినా ముందు కుళాయే వెతుకుద్ది."

నేనూ నవ్వాను. నవ్వి, తొడిమెలు తీస్తూ కూర్చున్నాను. కాయ తర్వాత కాయ చేతిలోకి వస్తోంది గాని మనసు ఆ మాట దగ్గరే ఆగింది. మా చర్చి సంఘం ఏటా జనవరిలో, మిరపకోతలు ఊపందుకోకముందు, బస్సు మాట్లాడుకుని పిక్నిక్ పోతుంది. బస్సు పైన గుండిగలు, గ్యాస్ పొయ్యి, బియ్యం మూట, ఉల్లిపాయల బుట్ట. దిగగానే మగవాళ్ళూ పిల్లలూ చూడటానికి పోతారు, ఆడవాళ్ళం పొయ్యి దించుతాం. సంఘపెద్ద భార్యను గనక గరిటె నాది. వినుకొండ అంటే నాకు కొండ మొదట్లో పొయ్యి పెట్టిన చోటు. పైన ఎట్లా ఉంటుందో పిల్లలు దిగొచ్చి చెబితే విన్నాను. వాడరేవు అంటే సరుగుడు చెట్ల నీడ, గాలికి ఇసుక లేచి అన్నంలో పడకుండా మూత మీద పెట్టే రాయి. సముద్రం నా వీపుకు బాగా తెలుసు. ముఖానికి తెలియదు. ఒకసారి అమరావతిలో ఆ రాళ్ళేవో చూసొస్తానని లేవబోతే మా అత్త, "రాళ్ళు చూస్తే కడుపు నిండుద్దా, అన్నం చూడవే" అంది. ఆవిడ పోయింది. ఆవిడా ఏ రాయీ చూడకుండానే పోయింది. ఇక మా ఆయన మాట వేరు. "మా ఎలీసమ్మ చెయ్యి పడితేనే అది పులిహోర" అని బస్సంతా వినేట్టు అంటాడు. ఆ మాటకు ఏటా పొంగిపోయి, మరుసటి ఏడు ఇంకాస్త పెద్ద గుండిగ ఎక్కించేదాన్ని. నా వంట గురించి నాకు సిగ్గు లేదు, గర్వమే. కానీ కూతురు ఏం చూశావని అడిగితే కుళాయి అని చెప్పాల్సి వచ్చిందే, అది మాత్రం ముల్లు దిగినట్టు దిగింది.

మర్నాడు పత్తిచేలో మా ఆడపడుచు రెబెకా నా పక్క సాలులో ఉంది. అడిగాను.

"అమరావతిలో నువ్వేం చూశావు రెబెకా?"

నడుం ఎత్తి ఆలోచించింది. "పోయినసారి మజ్జిగ పులిసిపోయింది చూడు వదినా. అదే గుర్తు."

ముందు సాలులో వాళ్ళు నవ్వారు. ఒకామె తన వంతుగా ఉల్లిపాయల్లో కుళ్ళినవి వచ్చిన సంగతి చెప్పింది. ఇంకొకామె గిన్నెలు తోమటానికి మెట్లు దిగి జారిపడ్డది చెప్పింది. అందరం నవ్వుతూనే ఉన్నాం. నవ్వు అయిపోయాక మళ్ళీ సాళ్ళలోకి వంగాం. పత్తి గుల్లల్లోంచి ఊడుతున్న చప్పుడు మాత్రం వినపడింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక పిక్నిక్ మాట వచ్చింది. "భోజనాలు ఎప్పటిలాగే స్త్రీల సమాజం చూసుకుంటుంది" అన్నారు పాస్టరుగారు. నేను లేచి నిలబడ్డాను. ప్రార్థన చేయటానికి తప్ప అక్కడ నేను నోరు విప్పింది లేదు.

"ఈసారి పొయ్యి రాదండి. మేమూ చూడటానికే వస్తాం. హోటల్లో తింటాం. పత్తి కూలిలో తలా కొంత తీసిపెట్టుకున్నాం."

ఇంటికొచ్చాక మా ఆయన చొక్కా కూడా విప్పలేదు.

"నలుగురిలో తల కొట్టేసినట్టయింది. నా పెద్దరికం ఏం కావాలి?"

"మీ పెద్దరికం పొయ్యి మీద ఉందని నాకు తెలవదండీ."

అన్నం పెడితే తిన్నాడు.

పిక్నిక్ రోజు బస్సెక్కబోతూ పైకి చూశాను. గుండిగలున్నాయి. పొయ్యి, బియ్యం మూట, ఉల్లిపాయల బుట్ట, అన్నీ ఉన్నాయి. మగవాళ్ళే ఎక్కించారు. ఆడవాళ్ళ మాట ఆకలి వేసేదాకానే అనుకున్నట్టున్నారు. రెబెకా నా మోచెయ్యి పట్టుకుంది. "వదినా, వండకపోతే మళ్ళీ ఏడు మనల్ని తీసుకుపోరేమో." అది నా గుండెల్లోనూ ఉంది. ఉన్న ఒక్క ప్రయాణం కూడా పోతే, పోగొట్టింది ఎలీసమ్మ అంటారు.

అమరావతిలో అదే వేపచెట్టు. మా ఆయనా, ఇంకో ఇద్దరూ పొయ్యి దించి పక్కన నిలబడ్డారు. ఎవరూ మమ్మల్ని పిలవలేదు. ఊరికే నిలబడ్డారు. ఉల్లిపాయల బుట్ట నా కాళ్ళ దగ్గర పెట్టారు. నా చెయ్యి దానంతటదే బుట్ట వైపు వంగింది. నిజం. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, కొంగు దోపుకుని, దిన్నె వైపు నడిచాను. వెనక చెప్పుల చప్పుడు వినపడుతుందా లేదా అని చెవులు వెనకే ఉన్నాయి. ముందు రెబెకా చెప్పులు. తర్వాత అందరివీ.

"ఏమే, నీళ్ళెక్కడే?" మా ఆయన గొంతు.

తిరిగాను. "కుళాయి అక్కడే ఉందండీ. ధార గట్టిగా వస్తది."

దిన్నె నేననుకున్నంత ఎత్తు లేదు. గుండ్రంగా, నిదానంగా ఉంది. చుట్టూ తిరిగాం. తొందరపెట్టేవాళ్ళు లేరని కాసేపటికి గాని తెలియలేదు, అప్పుడు నడక నెమ్మదించింది. ఒక రాతి పలక దగ్గర ఆగాం. నిండుకుండ చెక్కారు. అందులోంచి తామరలు పైకి లేచి, కొన్ని విచ్చుకుని, కొన్ని మొగ్గలుగా ఉన్నాయి. రెబెకా వంగి కింద చూసింది.

"దీనికి పొయ్యి ఏది వదినా?"

"లేదు."

"కుండంటే ఇట్టా కూడా ఉండొచ్చన్నమాట" అంది, రాయిని చూస్తూనే.

హోటల్లో ఆకు వేశారు. వడ్డించే ఆయన వచ్చి, "ఇంకొంచెం పెట్టమంటారా అమ్మా?" అన్నాడు. ఆ మాట నాది. అందరి దగ్గరా నిలబడి నేనడిగే మాట. దాన్ని కూర్చుని వినటం ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. గోంగూర నా అంత బాగా చెయ్యలేదు. అయినా మారు పెట్టించుకున్నాను.

చెట్టు దగ్గరికి వచ్చేసరికి మగవాళ్ళు తినేశారు. అన్నం పైన పలుకు, కింద మాడు. గాలి ఏటి వైపు నుంచి వస్తుందని, పొయ్యి చెట్టుకు ఇవతల పెట్టాలని వాళ్ళకు తెలియదు. మా ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది, బొట్టనవేలికి గుడ్డపేలిక. బుద్ధుణ్ణి చూడటానికి ఆయనకు ఈసారి వేళ చాలలేదు. గిన్నెలు తోమి ఎక్కించేసరికి బస్సు హారన్ కొట్టింది.

వాడరేవులో నేను సముద్రానికి ఎదురుగా కూర్చున్నాను. అల వచ్చి కాళ్ళ కింద ఇసుక లాక్కుపోతే, నేల నాతో ఏదో ఆట ఆడుతున్నట్టుంది. ఒడ్డున ఒకామె వేయిస్తున్న చేప తెచ్చుకున్నాం, కారం బాగా దట్టించింది. మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. చాలాసేపు సముద్రాన్ని చూశాడు.

"అన్నంలో ఉప్పు ఎక్కువైంది" అన్నాడు.

చేప ముక్క అందించాను. కూర్చుని తిన్నాడు.

చీకటి పడకముందే ఆరాధన ఫోన్ చేసింది. పిల్లలు వచ్చేవారం వస్తున్నారట. ఆయన కాసేపు విని, ఫోను నా చేతికిచ్చాడు. నేను గాలికి వినపడేట్టు గట్టిగానే చెప్పాను.

"పెందలాడే దిగండమ్మా. దిన్నె చుట్టూ నిదానంగా తిరగండి, పూలకుండ ఉన్న పలక దగ్గర ఆగండి. అన్నం హోటల్లో తినండి, మారు అడిగితే వద్దనకండి. సాయంత్రం వాడరేవులో చేప వేయించుకుని, నీళ్ళకు ముఖం పెట్టి కూర్చోండి."

"సరే అమ్మా. తాగే నీళ్ళో? అక్కడ ఏదో కుళాయి ఉందన్నావుగా, ఎక్కడ?"

ఫోను మా ఆయనకు అందించాను.

"అది మీ నాన్ననడుగు. ఆయనకు బాగా తెలుసు."