క్రేన్ దాకా వినపడే ఈల

బడిలో పాట పాడించడం అయ్యాక పిల్లలందరూ కూర్చున్నా పిడుగు మాత్రం కూర్చోలేదు. రెండు చేతులూ ఊపుతూ, "నచ్చితే లైక్ కొట్టండి! గంట నొక్కడం మర్చిపోకండి!" అని అరిచింది. ఏం కొట్టాలో తెలియక మిగతా పిల్లలు బల్లలు బాదారు. సాయంత్రం టీచర్ నవ్వుతూనే, "మీ అమ్మాయి ఫోన్లో ఏం చూస్తోందో కాస్త కనిపెట్టుకుని ఉండండి" అంది గానీ, పిడుగు వాళ్ళమ్మకి తల కొట్టేసినట్టయింది.

ఆవిడ కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని చేస్తుంది. పొద్దస్తమానం మైనం, ప్లాస్టర్ అచ్చులు, ఎవరెవరివో దవడలు. పిడుగు వాళ్ళ నాన్న, ఇంటికి ఎదురుగానే లేస్తున్న పెద్ద భవనం దగ్గర టవర్ క్రేన్ నడుపుతాడు. పొద్దున్నే ఆ ఇనుప నిచ్చెన ఎక్కాడంటే మళ్ళీ చీకటి పడే వేళకే దిగేది. బడి నుంచి వచ్చిన పిడుగుని చూసుకునేది నాన్నమ్మ. వాళ్ళిద్దరికీ కాలక్షేపం నాన్నమ్మ ఫోను.

పిడుగు వాళ్ళమ్మ ఆ రోజే అత్తగారి ఫోనుని తన ఫోనుకి జత చేసుకుంది, పిల్ల ఏం చూసినా తనకి తెలిసేలా. ఇంటికొచ్చే బస్సులో ఆ చిట్టా చూడటం అలవాటైపోయింది. మొదట్లో అంతా బొమ్మల పెట్టెలు విప్పడమే. ఎవరో పిల్లలు పెట్టె విప్పుతారు, కెవ్వుమంటారు, ఇంకో పెట్టె విప్పుతారు. అవి రాకుండా ఆపేసింది. వాటి బదులు రంగురంగుల జిగురుముద్దలు పిసికే చేతులు వచ్చాయి. అవీ ఆపేసింది. సెలవు దొరికితే పిల్ల పక్కనే కూర్చుని మంచివి తనే వెతికి పెట్టేది. మట్టితో ఏనుగు చేయడం, తాబేళ్ళు గుడ్లు పెట్టడం, గాజు ఊది సీసాలు చేయడం. చలికాలం వచ్చేసరికి చిట్టా ఒక దారికొచ్చింది. "అమ్మా, ఆక్టోపస్‌కి మూడు గుండెలట! నీకెన్ని?" అని పిడుగు అడిగితే, ఆ మాట ల్యాబులో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

ఆ మురిపెం ఎంతో కాలం నిలవలేదు. పిడుగుకి ముందు పళ్ళు రెండూ ఊడాయి. అక్కణ్ణించి చిట్టా నిండా ఈలలే. వేళ్ళతో ఈల, వేళ్ళు లేకుండా ఈల, మైదానంలో చొక్కాలు విప్పి గిరగిరా తిప్పుతూ జనం వేసే ఈల. రాయడం రాదు కాబట్టి పిడుగు నోటితోనే అడిగేది. ఏం అడిగిందో కూడా చిట్టాలో కనిపించేది: 'పళ్ళు లేని వాళ్ళ ఈల.' 'గట్టి ఈల.' 'ఇంకా గట్టిది, ఆకాశం దాకా.'

ఒకటి ఆపితే రెండు వచ్చాయి.

"రేపు క్లాసులో ఈల వేసిందంటే ఆ టీచర్ మొహం ఎలా చూడను?" అని భర్త దగ్గర వాపోయింది.

"ఆ బోసినోటితో ఈలా? గాలి తప్ప ఇంకేం రాదు. చూడనీవే!" అని తేల్చేశాడు ఆయన.

ఒకరోజు ల్యాబులో ఓవెన్ చెడిపోయి అందర్నీ మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు. మెట్లెక్కుతుంటే పైనుంచి చెవులు గింగురుమనేలా ఈల. కింద పడుకున్న కుక్క ఉలిక్కిపడి లేచింది. "పిడుగూ!" అంటూ పరుగున వెళ్ళి తలుపు తీసింది. పిడుగు నేల మీద కూర్చుని చప్పట్లు కొడుతోంది. సోఫాలో నాన్నమ్మ, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉంది.

"అత్తయ్యా! మీరా?"

నాన్నమ్మ వేళ్ళు తువ్వాలుకి తుడుచుకుంది. "దీనికి రావట్లేదే అమ్మాయ్. ఆ వీడియోలో అబ్బాయి చెప్పింది నాకు ఇట్టే పట్టుబడింది. ఇంత ఊపిరి ఇన్నేళ్ళూ ఎక్కడ దాచానో!"

"అసలు ఎందుకీ ఈలలు?"

"దాన్నే అడుగు."

పిడుగు బాల్కనీలోంచి కనిపించే క్రేన్ వైపు వేలు చూపించింది. "నాన్నకి వినపడాలి. నేను అరిస్తే వినపడదు. చెయ్యి ఊపినా చూడడు. కింద ఎర్రటోపీ అంకుల్ ఈల వేస్తే మాత్రం గబుక్కున చూస్తాడు."

వాళ్ళమ్మ బయటికి చూసింది. అంత ఎత్తున అగ్గిపెట్టెంత గది, అందులో మొగుడి మోచెయ్యి. పిల్ల సంగతి పూర్తిగా కనిపెట్టేశాననుకుంది ఇన్నాళ్ళూ. కోపం ఎటు పోయిందో పోయింది. చేతిసంచీ కింద పడేసి పిడుగు ఎదుట చతికిలబడింది.

"ఏదీ, నోరు తెరు. అదిగో, గాలంతా ఈ సందులోంచి పారిపోతోంది. పెదాల్ని చిగుళ్ళ మీదికి మడుచుకో. నాలుక వెనక్కి. వేళ్ళు అంత లోపలికి వద్దు."

తను ఆపేసిన ఈల వీడియోలన్నీ తనే మళ్ళీ తెరిచింది. రోజూ సాయంత్రం ముగ్గురూ వాటి ముందు బైఠాయించేవాళ్ళు. ఎంత ఊదినా పిడుగు నోట్లోంచి తుస్సుమనే గాలి, తుంపర్లు, అంతే. ఒక సెలవురోజు పొద్దున్న పాలు తాగి మూతి తుడుచుకోకుండానే వేళ్ళు పెట్టి ఊదింది. వచ్చేసింది! తనకే నమ్మకం కుదరక ఒక క్షణం కళ్ళు మిటకరించి, బాల్కనీలోకి దూసుకెళ్ళి, ఉన్న బలమంతా కూడగట్టి మళ్ళీ వేసింది.

ఇనుప చువ్వల మోపు మోసుకెళ్తున్న క్రేన్ గాల్లోనే ఆగిపోయింది. ఎవరు ఈల వేసినా ముందు ఆపాలి, తర్వాతే అడగాలి అన్నది అక్కడి నియమం. పనివాళ్ళంతా తలలెత్తారు. ఎర్రటోపీ ఆయన తన చేతిలోని ఈలని అనుమానంగా చూసుకున్నాడు. పైనుంచి నాన్న తల బయటపెట్టి కిందా పక్కలా వెతికి, చివరికి ఎగిరెగిరి చేతులూపుతున్న పిడుగుని చూశాడు. హెల్మెట్ తీసి అటూ ఇటూ ఊపాడు.

"చూశాడు! నాన్న నన్ను చూశాడు!" పిడుగు కేకలకి వీధి దద్దరిల్లింది.

కాసేపటికి సూపర్‌వైజర్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. "ఎవరండీ ఈల వేసింది?"

"నేనే బాబూ" అంది నాన్నమ్మ, మనవరాలికి అడ్డంగా నిలబడి.

"అబద్ధం! నేనే!" అంది పిడుగు, నాన్నమ్మ వెనక నుంచి తల బయటపెట్టి.

ఆయన ఆ బోసినోటిని నమ్మలేనట్టు చూశాడు. "నువ్వా? ఏదీ, వెయ్యి చూద్దాం."

"వద్దండీ, మళ్ళీ ఆగిపోతుంది!" వాళ్ళమ్మ గబగబా పిల్ల నోరు మూసేసింది. "తప్పయిపోయింది, ఏమీ అనుకోకండి."

సూపర్‌వైజర్ ఇక నవ్వు ఆపుకోలేకపోయాడు. వెళ్తూ వెళ్తూ పిడుగుతో ఒప్పందం చేసుకున్నాడు. క్రేన్ ఆగి ఉన్నప్పుడు, అదీ భోజనాల వేళ మాత్రమే, ఒకే ఒక్క ఈల.

పిడుగు మాట తప్పలేదు. సెలవురోజుల్లో భోజనాల వేళకి బాల్కనీలో ఈల మోగేది, పైన హెల్మెట్ ఊగేది. చూసి చూసి వాళ్ళమ్మకీ మనసైంది.

"నాకూ నేర్పరూ, అత్తయ్యా!"

"పెదాలు మడుచు. ఊదు. గట్టిగా!"

ఊదింది. తుంపర్లన్నీ వెళ్ళి నాన్నమ్మ కళ్ళద్దాల మీద పడ్డాయి. ముగ్గురూ బాల్కనీలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వుతుంటే, పైన నాన్న హెల్మెట్ తలకి పెట్టుకుని మళ్ళీ పనిలోకి దిగాడు.