అదిమిన గ్లాసు

మామగారి బేకరీలో కేకులన్నీ పెద్దల్లుడి చేతి మీదుగానే వచ్చేవి. చిన్నల్లుడు మొన్న మొన్న వచ్చాడు. వస్తూ వస్తూ చంకలో ఒక కాటా పెట్టుకొచ్చాడు, గిన్నె పెడితే అంకెలు వెలిగే రకం. ఆ రోజు నుంచీ పెద్దల్లుడు కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నాడు. మామగారు ఆ కాటా ముందు కుర్చీ వేసుకుని, మొదటి మనవడు పుట్టినట్టు మురిసిపోతుంటే ఎవరి కడుపు మాత్రం మండదు?

పైగా మోకాళ్ళు అరిగిపోయాయి, బేకరీ పెత్తనం ఒకరికి అప్పగించేస్తానని ఆయన అంటున్నారు. ఎవరికన్నది బయటపడటం లేదు. చూపు మాత్రం కాటా వైపే ఉంటోంది.

"మీ స్పాంజి కేకు గ్లాసుల లెక్కంతా గ్రాముల్లోకి మార్చేద్దాం అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు ఒక పొద్దున. "మీకు ఒంట్లో బాగోక రాకపోయినా పని ఆగదు."

తను లేకపోయినా పని ఆగదట. ఆ మాట పెద్దల్లుడికి ముల్లులా గుచ్చుకుంది.

"గ్లాసంటే పావు కిలోనేగా, మార్చేదేముంది?" అన్నారు మామగారు.

"అది నీళ్ళకండీ మామయ్యగారూ. మైదా తేలిక, చక్కెర బరువు. దేని లెక్క దానిదే. అన్నయ్య రోజూ ఎలా పోస్తారో అలా పోస్తే తూచుకుంటాను."

రోజూ పెద్దల్లుడు గ్లాసును మైదా బస్తాలో ముంచి, బల్లకేసి రెండు దెబ్బలు కొట్టి, బొటనవేలితో అదిమి, పైన ఇంకాస్త వేసేవాడు. ఆ రోజు మాత్రం పిండి జల్లించి, చెంచాతో మెల్లగా గ్లాసులోకి రాల్చి, పైన చాకుతో సమంగా గీశాడు. కాటా నూట ఇరవై చూపింది. అదిమి ఉంటే ఎంత చూపేదో అతనికి తెలీదు, చాలా ఎక్కువని మాత్రం తెలుసు. చక్కెర, గుడ్ల లెక్క ఉన్నదున్నట్టే చెప్పాడు.

చిన్నల్లుడు సుద్దముక్కతో గోడ మీద రాసుకున్నాడు. రేపు కేకు చతికిలబడుతుంది, కాటా అటకెక్కుతుంది, తోడల్లుడి ముఖం మాడిపోతుంది. ఆ ముచ్చట తలుచుకుని పెద్దల్లుడు హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు చిన్నల్లుడు గోడ చూసి చేశాడు. కేకు చతికిలబడలేదు. పొంగి, అచ్చు అంచు దాటి నిలబడింది. మామగారు ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నారు.

"వెన్నలా కరిగిపోతోంది. ఏం కలిపారు చిన్నల్లుడుగారూ?"

"నేనేం కలపలేదండీ. లెక్కంతా అన్నయ్యదే, నేను తూచానంతే," అన్నాడు అతను, మనసారా సంతోషపడుతూ.

ఇంకొకరైతే చంకలు గుద్దుకునేవారు. పెద్దల్లుడికి మాత్రం కుళ్ళు పిసరంతైనా తగ్గలేదు. ఇప్పుడు తోడల్లుడి మంచితనం చూసి కూడా కుళ్ళుకోవాల్సి వచ్చింది.

మామగారు తాళాల గుత్తి తీసి పెద్దల్లుడి చేతిలో పెట్టారు. "ఇంత పనితనం ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు అల్లుడుగారూ?"

పెద్దల్లుడు గోడ మీది నూట ఇరవై వైపు చూశాడు.

గల్లాపెట్టె దగ్గర నుంచి అతని భార్య లేచి వచ్చింది. ఒక ముక్క తింది. వెంటనే రెండోది తీసుకుంది. పెళ్ళైనప్పటి నుంచీ పంటినొప్పని, తీపి పడదని ఏదో ఒక వంక పెట్టి అతని కేకు ముట్టని మనిషి.

"పంటినొప్పి తగ్గిందా?" అన్నాడతను నీరసంగా.

"నాకు నొప్పెప్పుడుంది?" అందామె వేళ్ళు నాక్కుంటూ. "మీరు బాధపడతారని అలా చెప్పేదాన్ని. రేపు కూడా ఇలాగే చెయ్యండి."