విడిదిలో పెట్టినవి

ఓటల్ రూములో సబ్బు ఇంటికి తీసుకుపోవచ్చా, పోకూడదా అని ఎవరికన్నా సందేహముంటే నన్నడగండి. చుట్టాల పెళ్లిళ్లకని తిరపతి, కోయంబత్తూరు, బెంగుళూరు అన్ని ఊళ్ల ఓటళ్లలోనూ పండుకున్నదాన్ని. మనం వాడినాక ఇంకొకరికి పనికిరానిది ఏదైనా మనదే. సబ్బు, షాంపూ సీసా, దువ్వెన, పేస్టు, కాళ్లకేసుకునే తెల్ల గుడ్డ చెప్పులు, టీ పొట్లాలు, అన్నీ మనవే. సంచిలో వేసుకోండి, సిగ్గేం లేదు. ఉతికి, తుడిచి రేపొచ్చేవాళ్లకి ఇచ్చేది మాత్రం వాళ్లది. తువ్వాలు వాళ్లది, దుప్పటి వాళ్లది. ఇంతే శాస్త్రం, చిన్నపిల్లకు చెప్పినా అర్థమవతాది.

ఇంత తెలిసినదాన్నే. నా కూతురు శ్రీప్రియ అత్తగారింటికి పొయ్యే రోజు, ఓటలు వాకిట్లో నేను పడిన పాటు పగవాళ్లకి కూడా వద్దు.

మేము తరతరాలుగా ఈడ అరవ దేశంలో, పురసవాక్కంలోనే ఉండే నాయుళ్లం. మా ఆయన వెంకటపతికి సౌకార్‌పేటలో స్టీలు సామాన్ల అంగడి. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, పిల్ల నోట్లో రెండూ కలిసి. పెళ్లికొడుకు తనీష్ వాళ్లది తెనాలి. తల్లి లేని పిల్లోడు, నాయనమ్మ గోవిందమ్మే ఎత్తి పెంచింది. ఆ ఇంట్లో ఆమె మాటంటే మాటే. ఆమె కొడుకు, తనీష్ నాయన సుందరరామమూర్తిగారు అంత మనిషి కూడా ఆమె ముందర గొంతు లేపడు. పెళ్లైనాక నా బిడ్డ ఉండాల్సింది ఆమె నీడలోనే.

పిల్లని చూడను వచ్చిన రోజే ఆమె పక్కామెతో అనింది, "అరవ సంబంధం కదా, మర్యాదలు తెలుసో లేదో" అని. మెల్లిగానే అనింది గానీ నా చెవులు పాము చెవులు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నా. ఈ పెళ్లిలో ఒక్క మాట పడకూడదు. రేపు నా బిడ్డ ఆ ఇంట్లో పోపు పెడతా ఉంటే ఎనకాలనించి ఎవరూ "మీ అమ్మ ఆ రోజు అట్ల చేసింది కదా" అని ఎత్తకూడదు. దానికి నేనెంత తల వంచమన్నా వంచుతా అనుకున్నా.

ఆంధ్రావాళ్లకి విడిది అంటే పెద్ద సంగతి. ముందు కాలంలో మొగపెళ్లివాళ్లకి ఒక ఇల్లు చూసి, దాంట్లో సబ్బు, నూనె, దువ్వెన, అద్దం, పౌడరు, తువ్వాలు అన్నీ ఆడపెళ్లివాళ్లే పెట్టేవాళ్లు. అవి వాళ్లు పోతా పోతా పట్టుకుపోవచ్చు. పోవచ్చు కాదు, పోవాల. ముట్టకుండా వదిలేసిపోతే అది అలిగినట్టు లెక్క. ఇప్పుడు ఇల్లు యాడ దొరకతాది? మంటపం పక్కనే మంచి ఓటల్లో రూములు పట్టినాము. మర్యాదకి లోటు రాకూడదని రూముకొక బుట్ట నేనే సర్ది, ఓటలువాడి సామాన్ల పక్కనే పెట్టించినా. గోవిందమ్మకి హారతిచ్చి లోపలికి పిలిచి, "పెద్దమ్మగారూ, ఈ గదిలో ఉండేదంతా మీదే" అన్నా. మర్యాదకి ఎవరైనా అంటారు కదబ్బా! "మా ఇల్లు మీ ఇల్లే అనుకోండి" అంటే ఎవరన్నా దస్తావేజులు అడుగుతారా?

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. ఒక్కరు ముక్కు చిట్లించలా. భోజనాలైనాయి, బస్సు వచ్చి ఓటలు వాకిట్లో నిలబడింది. రాహుకాలం రాకముందే బయలుదేరాల. మా ఆయన మంటపంలో వంటవాళ్లతో ఉంటే, నేనే గోవిందమ్మని పిల్చుకొని వద్దామని ఆమె రూముకి పోయినా.

ఆమె జిప్పు సంచి ఒళ్లో పెట్టుకొని మంచం మీద కూర్చోనుంది. సంచి ఉబ్బిపోయి జిప్పు సగం దాకానే వచ్చింది. సందులోనించి నల్ల వైరు వేలాడతా ఉండాది, దాని పక్కనే తువ్వాలు గుడ్డతో కుట్టిన తెల్ల కోటు చెయ్యి. బల్ల మీద చూస్తే నీళ్లు కాచుకునే కెటిల్ లేదు. బీరువా తలుపు తీసుంది, స్నానం చేసి తొడుక్కునే పొడుగు కోట్లు రెండుండాల, ఒట్టి హ్యాంగర్లే ఉండాయి.

"సంచి నాకియ్యండి పెద్దమ్మగారూ, నేను మోస్తా" అన్నా. యాడన్నా ఒక మూల నిలబడి ఆ మూడూ లాగి పారేద్దామని నా ఆశ.

"వద్దమ్మా, పెళ్ళికూతురి తల్లివి, నువ్వు మొయ్యకూడదు." సంచిని గుండెలకి హత్తుకుంది. "ఎంత బాగా పెట్టావే అన్నీ! నాకు చన్నీళ్ళు పడవని తెలిసినట్టు కాచుకునేది కూడా పెట్టావు. చలికి కోట్లు పెట్టావు. నీతో చెబితే తప్పేముంది గానీ, మీవాళ్ళని గురించి నేను ముందు వేరేగా అనుకున్నాను. నాదే తప్పు."

అయ్యో దేవుడా! ఏ మాట కోసం నేను ఇన్ని రోజులు కాచుకోనుంటినో ఆ మాట వచ్చె. వచ్చింది గానీ, ఆ దిక్కుమాలిన కెటిల్ని పట్టుకొని వచ్చె. ఇంక ఏ నోటితో చెప్పేది, అది మీది కాదు, తీసి ఆడ పెట్టండి అని? నవ్వి, ఆమె చెయ్యి పట్టుకొని లిఫ్టు దాకా తెచ్చి, కింద సోఫాలో కూర్చోబెట్టి, కౌంటరుకి పరిగెత్తినా.

మేనేజరు లేడు. కౌంటరులో ఉండే పిల్ల చేతులు పట్టుకున్నా. "ఏ రూములో ఏం లేకపోయినా నా బిల్లులో వేసుకోమ్మా. ఎవరినీ అడగొద్దు. నీకు పుణ్యముంటాది" అని బతిమాలినా. "సరి ఆంటీ" అనింది. అమ్మయ్య అనుకున్నా. ఆ సరి కౌంటరు దాటి వాకిలి దాకా పోలేదని నాకేం తెలుసు!

బయటికొస్తే సెక్యూరిటీ ఆనందన్ బస్సు డిక్కీకి అడ్డంగా నిలబడి ఉండాడు. రూములు చూసే మనిషి వాకీటాకీలో ముందే చెప్పేసినాడు. "రెండు కోట్లు, ఒక కెటిల్ కాణోం సార్, కనిపించలా. బ్యాగులన్నీ ఒక తడవ చూసి పంపించాల. ఈడ రూల్సు అట్ల" అంటా ఉండాడు, అరవం కలిపిన తెలుగులో.

"మా సంచులు చూస్తావా? మేమెవరమనుకున్నావు?" సుందరరామమూర్తిగారి మొహం కందగడ్డ అయిపోయింది. బస్సు కిటికీలన్నిట్లోనించి తలలు బయటికొచ్చినాయి. మెడలో దండైనా తియ్యకుండా శ్రీప్రియ, దాని పక్కన తనీష్, బిక్కమొహాలు వేసుకొని నిలబడి ఉండారు. ఆనందన్ మొదటి పెట్టె కిందికి దించినాడు. అప్పుడే అద్దాల తలుపు తీసుకొని గోవిందమ్మ మెట్ల మీదికి వచ్చింది, సంచి ఒళ్లో బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకొని, ఒక్కొక్క మెట్టే దిగతా.

ఆ సంచి తెరిస్తే ఏమవతాదో నాకు కళ్ల ముందర కనిపించింది. అంత పెద్ద మనిషిని, కొడుకు ముందర, మనవడి ముందర, ఊరంతా చూస్తా ఉంటే దొంగ అంటారు. అదీ మా ఊర్లో, మేము పట్టిన ఓటల్లో. ఆ అవమానం ఆమె చచ్చిందాకా మర్చిపోతాదా? పొద్దున లేస్తే నా బిడ్డ మొహంలో అదే కనిపిస్తాది ఆమెకి.

"వాళ్ల సంచులు ముట్టుకోవద్దు" అని అరిచినా. "తీసింది నేను."

ఆనందన్ బిత్తరపోయినాడు. "మీరా మేడం?"

"నేనే. నచ్చింది, తీసుకున్నా. ఇంటికి పంపించేసినా. ఎంతైతే అంత కడతా, బస్సుని వదులు."

బస్సు కిటికీలోనించి ఒకామె, "అయ్యో, ఇంత పెళ్ళి చేసి కెటిల్ దగ్గర కక్కుర్తా!" అనింది. ఎవరో కిసుక్కున నవ్వినారు. సుందరరామమూర్తిగారు నా మొహం చూడలేక ఆకాశం చూసినాడు. నా కూతురు మాత్రం నన్నే చూసింది. పక్కింటి కొత్తిమీర కూడా అడగకుండా తుంచనీని అమ్మని నేనని దానికి తెలుసు. "ఎన్నమ్మా సొల్రే?", ఏం చెప్తా ఉండావమ్మా అని అరవంలో అడగతా ఒక అడుగు ముందుకేసింది. నోర్ముయ్యి అని కళ్లతోనే చెప్పినా. ఆగిపోయింది. పోనీ, అరవోళ్లు కక్కుర్తి మనుషులనుకుంటే అనుకోని, నేను తెనాలి పోయి కాపురం చెయ్యాల్నా? ఆ ముసలామె తల ఎత్తుకొని బస్సెక్కితే చాలు అనుకున్నా.

గోవిందమ్మ మెట్లు దిగి, ఏమైందని పక్కవాళ్లని అడిగింది. చెప్పినారు. ఆమె నా దగ్గరికి వచ్చింది. తిడతాదనుకున్నా. నా బుగ్గ నిమిరింది.

"పిచ్చిదానా, మనసుపడితే నాతో చెప్పకపోయావా? ఆడపిల్ల పెళ్ళిలో తల్లికి ఏం మిగులుతుందే, నాకు తెలీదా?" కళ్లల్లో నీళ్లు ఆమెకి. "నువ్వు మాకు పెట్టినవి నా దగ్గర ఉన్నాయి. నేనేం చేసుకుంటాను ముసలిదాన్ని? తీసుకో."

"వద్దు పెద్దమ్మగారూ, వద్దు, తియ్యొద్దు!" ఆమె చేతులు పట్టుకున్నా. జిప్పు మీద నా చెయ్యి అడ్డం పెట్టినా. మొహమాటపడతా ఉండానని ఆమె ఇంకా గట్టిగా లాగింది. కెటిల్ బయటికొచ్చింది. రెండు తెల్ల కోట్లు బయటికొచ్చినాయి. జేబు మీద నీలం దారంతో ఓటలు పేరు కుట్టుండాది.

"ఇదుదాన్ మేడం, ఇవే" అన్నాడు ఆనందన్, వాడికి తెలిసింది వాడన్నాడు.

గోవిందమ్మ వాణ్ని చూసింది. జేబు మీద పేరు చూసింది. కిటికీల్లో మొహాలు చూసింది. అందరికంటే చివరికి నన్ను చూసింది.

"ఇవి నువ్వు పెట్టినవి కావా?"

తల అడ్డంగా ఊపినా.

"నా సంచిలో ఉన్నాయని నీకు తెలుసా?"

తెలీదని చెప్పుండాల్సింది. అంత అబద్ధం ఆడినదాన్ని ఇంకొకటి ఆడలేనా? ఆడలా. తెలుసునని తల ఊపినా.

ఆమె ఆడనే నిలబడి కోట్లు రెండూ మడత పెట్టింది. మూలకి మూల కలిపి, చక్కగా. కెటిల్ పైన పెట్టి రెండు చేతులతో ఆనందన్‌కి ఇచ్చింది. "తెలీక తీసుకున్నాను నాయనా" అనింది. వాడు "పరవాలేదు పాటీ, పరవాలేదు" అని, సొంత అవ్వని పిలిచినట్టు పిలుస్తా ఎనక్కి ఎనక్కి పోయినాడు.

తర్వాత నాకేసి తిరిగింది. గొంతు లేపలా. లేపుంటే బాగుండు.

"గదిలోకి వచ్చినప్పుడే చూశావుగా అమ్మాయ్. 'పెద్దమ్మగారూ, అది ఓటలు వాళ్ళదండీ' అని ఒక్క మాట చెబితే తీసి బల్ల మీద పెట్టేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నువ్వు చెప్పలేదు. నన్ను దొంగ అనుకున్నావు కాబట్టే కప్పెట్టావు. దొంగ కాని మనిషిని ఎవరైనా కాపాడతారా?"

"కాదు పెద్దమ్మగారూ, మీ మర్యాద పోకూడదని..."

"నా మర్యాద సంగతి నాకు తెలీదా? ఇప్పుడు నలుగురిలో పెట్టావుగా." తనీష్ చెయ్యి అందిస్తే అవతలికి నెట్టి, తానే కమ్మీ పట్టుకొని బస్సెక్కింది.

డ్రైవరు హారన్ కొట్టినాడు. శ్రీప్రియ చెయ్యి పట్టుకున్నా. "ఒక్క నిమిషం ఉండు, నేను పైకెక్కి ఆమె కాళ్లు పట్టుకుంటా, సర్ది చెప్తా, ఆమె మనసులో ఇది పెట్టుకొని పోకూడదు" అని ఏందేందో వాగినా.

మామూలుగా నాతో అరవంలోనే మాట్లాడే పిల్ల, తెలుగులో చెప్పింది, అందరికీ వినపడేటట్టు. "వద్దమ్మా. నా కోసం ఇంకేమీ చెయ్యొద్దు."

నా వేళ్లు విడిపించుకొని బస్సెక్కింది. నేను కిందనించి చూస్తా ఉండా. గోవిందమ్మ ముందర సీట్లో అవతలి కిటికీ వైపు తిరిగి కూర్చోనుంది. నా బిడ్డ తనీష్ పక్కన కూర్చోలా, పోయి ఆమె కాళ్ల దగ్గర వంగింది. "నాయనమ్మగారూ, మా అమ్మ చేసినదానికి నేను క్షమాపణ అడుగుతున్నా" అని చేతులు జోడించింది. ఆమె తిరిగి చూడలా. బస్సు కదిలే దాకా నా కూతురు ఆ చేతులు దించలా, పెళ్లయి ఒక పూట కూడా కాలా.