ట్యాంకి మీది మచ్చ

రాండ్రి, జర దగ్గరికి జరిగి కూసోండ్రి. వెనకున్నోళ్ళు ముందుకు రాండ్రి, నా గొంతు అంత దూరం పోదు. భవానమ్మ తల్లికి మొక్కి చెప్తున్న, వినండ్రి.

ఆత్మకూరు పక్క తండాలో జైరాం రోజూ పొద్దున్నే తన పాత బుల్లెట్ బండి ముందు గొంతుక్కూర్చుని గడ్డం గీక్కునేవాడు. పెట్రోలు ట్యాంకికి రెండు పక్కలా మెరిసే క్రోమ్ పూత, అదే అతనికి అద్దం. కాకపోతే అందులో జైరాం మొఖం కనపడేది కాదు, అన్న దేవ్‌సింగ్ మొఖం కనపడేది. తండ్రి పోయినంక బండి అమ్ముదామని అన్న, అమ్మేది లేదని తమ్ముడు కొట్లాడుకున్నారు. “నా గడప తొక్కితే కాళ్ళిరగ్గొడత” అని దేవ్‌సింగ్ కోదాడ పోయి మిషను పెట్టుకుని బట్టలు కుడుతున్నాడు. ఆనాటి నుంచీ ట్యాంకిలో ఎవరు చూసినా దేవ్‌సింగే. తండాలో అందరికీ అది అలవాటే.

“నీ గడ్డమా, బావ గడ్డమా గీకేది?” అని భార్య మంగ్లీ నవ్వేది.

“ఎవరిదైతేంది, నున్నగైతే సాలు.”

తొంభై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ట్యాంకిలోని అన్న చెంప మీద పాలిపోయిన మచ్చ ఒకటి లేచింది. పూత పోతున్నదనుకున్నాడు జైరాం. బూడిదతో తోమాడు, చింతపండుతో తోమాడు. పోలేదు. ట్యాంకి విప్పి, పెట్రోలు ఒంపి, గోనెసంచిలో చుట్టి సూర్యాపేట బస్సెక్కాడు.

పేటలో పూతలేసే మంగయ్య ట్యాంకి మూతి బిగించి, తొట్టిలో ముంచి, కరెంటు తీగలు తిరగేసి తగిలించాడు. పూత ఎక్కించేటందుకు ఒక తీరు, దించేటందుకు దానికి ఎదురు. క్రోమ్ పోయింది, కింద నికెల్ పోయింది, మొద్దు ఇనుము మిగిలింది. అందులో ఏ మొఖమూ లేదు.

“మా అన్న మళ్ళ వస్తడానే?” జైరాం వంగి ఆ ఇనుములోకి చూశాడు.

“మెరిస్తే వస్తడు. అందాక ఎవ్వరూ చెయ్యి పెట్టొద్దు.”

సానపట్టి, కడిగి, కొత్త పూతలెక్కించాడు. దేవ్‌సింగ్ వచ్చాడు. మచ్చా వచ్చింది.

“ఎవడో చెయ్యి పెట్టిండు!” మంగయ్య మండిపడ్డాడు. కడిగినంక వేలు తగిలితే చేతి జిడ్డున్న కాడ పూత పట్టదు. పూతలోళ్ళు ముందు అనుమానపడేది దాన్నే. మళ్ళీ అంతా దించాడు, మళ్ళీ ఎక్కించాడు. అదే చెంప, అదే మచ్చ. మంగయ్య దాని మీద గోరుతో గీసి చూశాడు.

“జైరాం, పూత లేస్తే గోరుకు తగులుతది. ఇది నున్నగుంది. మచ్చ ట్యాంకి మీద లేదు, మీ అన్న మొఖం మీదున్నది.”

“నేను పోను. గడప తొక్కొద్దన్నడు.”

“అయితే గీడ్నే కూసో. నేను కడుగుతనే ఉంట, అది పెరుగుతనే ఉంటది.”

జైరాం ఆ మచ్చను తన వేలితో ఒకసారి తడిమాడు. తర్వాత ట్యాంకి చంకనపెట్టుకుని కోదాడ బస్సెక్కాడు.

దేవ్‌సింగ్ మిషను తొక్కుతున్నవాడల్లా కాలు ఆపాడు. “ఏంరా, బండి పోయి ట్యాంకి మిగిలిందా?”

జైరాం గడప దాటి లోపలికి పోయాడు. అన్న గడ్డం పట్టుకుని మొఖం వెలుతురుకు తిప్పాడు. అదే మచ్చ.

“ఏం చేస్తున్నావురా?”

“గిల్లిన.”

“ఎప్పుడు?”

వదిన జమ్లీ చేతిలోని చెంబు కింద పెట్టేసింది. దేవ్‌సింగ్ చెంప మీద గోటి గాటు ఎర్రగా కనపడుతూనే ఉంది, అతనికి మాత్రం గిల్లినట్టే తెలియలేదు.

సర్కారు దవాఖానలో డాక్టరు సూది మొనతో తాకి చూశాడు. “కుష్టు. మొదట్లోనే వచ్చారు, మాత్రలు ఆపకుండా వాడితే నయమైపోతుంది. ఇంకా ఆలస్యమైతే వేళ్ళకొచ్చేది.” దర్జీ మనిషికి వేళ్ళు పోతే ఇంకేముంది? దేవ్‌సింగ్ మాత్రలు ఆపలేదు. మచ్చ చర్మంలో కలిసిపోయింది. ఇయ్యాల్టికీ సూదిలో దారం ఒక్క పోటున ఎక్కిస్తడు.

అంతే తల్లీ, అంతే నాయనా. ఒక్కటి యాదుంచుకోండ్రి. రావద్దన్నోడి గడప జైరాం ముందుగ తొక్కిండు. అట్లాంటి ట్యాంకి అందరిండ్లల్ల ఉండదు. మీతోని మాటల్లేనోళ్ళు ఎవరో ఉండే ఉంటరు. రేపు పొద్దున లేచి, వాళ్ళ గడప మీరే ముందుగ తొక్కండ్రి.