వేరే వేలి రక్తం

ఆరో నెలలో షుగరని తేలింది. ఆ రోజుతో మా ఇంట్లో నా పేరు పోయి అంకె మిగిలింది. గుమ్మంలో చెప్పులు విడవకముందే మా అత్తయ్య, "ఇవాళెంత?" అనేది. ఎక్కువ వచ్చిందా, అయిపోయానన్నమాటే.

"నోరు కట్టుకోలేవుటే? కడుపులో బిడ్డ మీదైనా జాలి లేదా?"

నేనేం దొంగతిండి తిన్నాననీ! వాళ్ళు కొలిచి పెట్టిందే తిన్నాను. మా ఆయనా, గోడమీద పిల్లి. "అమ్మ నీ మంచికే కదా" అని అటు తిరిగి పడుకుంటాడు. నాకు కంటి మీద కునుకుంటే కదా! రేపటి అంకె గుండెల మీద కూర్చునేది. అంకె చూస్తే భయం, భయపడితే మళ్ళీ అంకె. ఎటు తిరిగినా గోడే.

నేను టైలర్ని. మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు, షాపులో ట్రయల్ రూము గడియ వేసుకుని వేలు పొడుచుకోవాలి. సూది నాకు కొత్తా? కుట్టుమిషన్ కింద వేలు పెట్టుకున్నదాన్ని. అలాంటిది ఆ అరచేతంత షుగర్ మిషన్ తీస్తే వేలు వెనక్కి లాక్కునేదాన్ని. ఓ రోజు లోపలే ఏడుస్తుంటే, కాజాలు కుట్టే అక్క తలుపు తట్టింది.

"ఏడిస్తే తగ్గుతుందా, పిచ్చిమొహమా? ఇదిగో, నా వేలు పొడిచి చూడు."

నూట నాలుగు! సాయంత్రం మిషన్ చూసి అత్తయ్య, "మనసు పెడితే రాదూ?" అని నా తల నిమిరింది. ఆ చేతి కోసం మూడు వారాలు అక్క వేళ్ళు జల్లెడ చేశాను. మధ్యలో ఓసారి, అంకెలు రాసుకునే నా పుస్తకం చూసి డాక్టరమ్మ ఇన్సులిన్ అక్కర్లేదంది. తప్పని తెలియక కాదు, ఎలా బయటపడాలో తెలియలేదు.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళేసరికి స్కాన్‌లో బిడ్డ నెలలకు మించి పెరిగింది. ఆస్పత్రిలో తీసిన రక్తంలో షుగర్ నూట తొంభై రెండు.

"మీ మిషనే తప్పుడుదండీ!" అంది అత్తయ్య. "మా కోడలు మెతుకు ఎక్కువ తినదు. కావాలంటే నా వేలు పొడిచి చూడండి."

ఈ మాట ఇంట్లో ఒక్కసారైనా అందా, మహాతల్లి! డాక్టరమ్మ ఆవిడ రక్తం మా మిషన్‌తోనూ, ఆస్పత్రి పరీక్షతోనూ చూసింది. రెండూ దగ్గరగానే ఉన్నాయి.

"మీ మిషనూ బాగానే ఉంది, మాదీ బాగానే ఉంది. మరి నేను దేన్ని నమ్మి మందివ్వాలి?"

ఊరుకుంటే ఇంకో మూడు వారాలు గడిచిపోతాయి. నా బిడ్డకు వేరే వేలు లేదు కదా.

"ఆ రక్తం నాది కాదండీ" అన్నాను.

అత్తయ్య పుస్తకం లాక్కుని పేజీలు తిప్పసాగింది. డాక్టరమ్మ మాత్రం, "నిద్రపడుతోందామ్మా?" అని అడిగింది. ఇన్నాళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. బావురుమన్నాను.

"భయానికీ, నిద్ర లేకపోవడానికీ కూడా షుగర్ పెరుగుతుంది" అందావిడ అత్తయ్యతో. "ఇన్సులిన్ మొదలుపెడదాం. మనసు డాక్టరుకూ చూపించండి. అంకె చూసి మాత్రం ఎవరూ తిట్టొద్దు."

మర్నాడు షాపు మానేసి, అత్తయ్య ఎదుటే పొడుచుకున్నాను. నూట డెబ్భై ఎనిమిది. ఆవిడ అంకె రాసి, పుస్తకం మూసి, సూదులు డబ్బాలో సర్దసాగింది.

"తిట్టండత్తయ్యా" అన్నాను. "ఏమీ అనకపోతే ఇంకా భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉందే" అంది. "మొదట్నుంచీ."

ఈ ముక్కేదో మూడు వారాల కిందటే అని ఉంటే, కాజాల అక్క వేళ్ళయినా మిగిలేవి.