పాటల ఫాదర్

ఆదివారం పూజ అయిపోయాక డానీ గుడి వరండాలో బల్ల వేయించాడు. దాని మీద టైపు చేసిన ఉత్తరం, వెనక ఖాళీ కాగితాల బొత్తి పెట్టి, మొదటి సంతకం యిర్మియా కాకే పెట్టాలని అందరికీ వినపడేలా అన్నాడు.

అట్లా అనడంలో తప్పేమీ లేదు. యిర్మియాకు అరవై ఎనిమిదేళ్లు. ముప్పై ఎనిమిదేళ్లు బొగ్గు బాయిలో టింబర్‌మన్‌గా గని పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టాడు. గోదావరిఖనిలోని ఆ మరియమాత గుడికి ఇరవై ఏళ్లకు పైగా ఉపదేశిగా ఉన్నాడు. ఫాదర్ ఊళ్లో లేనప్పుడు ప్రార్థన చెప్పించింది, పిల్లలకు జపాలు నేర్పింది, చనిపోయినవాళ్ల ఇంటికి మొదట వెళ్లింది ఆయనే. ఆయన సంతకం పెడితే మిగతావాళ్లు వరసగా పెడతారు.

ఉత్తరం బిషప్‌గారికి. ఒకప్పుడు ఈ గుడిలో పనిచేసి వెళ్లిన ఫాదర్ ఇన్నాసిగారి మీద రెజీనా అనే ఆమె చేసిన ఆరోపణలన్నీ అబద్ధమనీ, గుడికి చెడ్డపేరు తేవడానికే చేసినవనీ, డిసెంబరులో ఆయన గురుపట్టపు రజతోత్సవం ఇక్కడే జరపాలనీ అందులో ఉంది. రెజీనా మాట్లాడిన వీడియో నాలుగు రోజులుగా ప్రతి ఫోన్‌లోనూ తిరుగుతోంది. ఇరవై ఒక్క ఏళ్ల కిందట, తనకు ఇరవై రెండేళ్ల వయసులో, పాటల సాధన పేరుతో ఫాదర్ ఇన్నాసి తనను ఒంటరిగా పిలిపించి, తలుపు వేసి, మీద చెయ్యి వేశాడని, ఒకసారి కాదు మూడుసార్లని ఆమె చెప్పింది. ముఖం దాచుకోకుండా, పేరు మార్చుకోకుండా చెప్పింది.

"సంతకాలు అయినంక పెద్దపల్లికి పోదాం," అన్నాడు డానీ. "ఆమె టీచర్ పని చేస్తున్న బడి ముంగట కూసుందాం. మన ఫాదర్ ఎసుంటోడో ఆ ఊరోళ్లకు గూడ తెల్వాలె."

పెన్ను యిర్మియా చేతిలోకి వచ్చింది. ఆయన కాగితాన్ని కాస్త దూరంగా పెట్టి చూశాడు.

"అద్దాలు ఇంట్ల మర్చిపోయిన బిడ్డా. మళ్ల పెడ్త."

పక్కనే ఉన్న భార్య యేసమ్మ ఆయన చొక్కా జేబు వైపు చూసింది. అద్దాలు అందులోనే ఉన్నాయి.

ఇంటికి నడుస్తున్నంతసేపూ యిర్మియాకు పాత రోజులే కళ్ల ముందు కదిలాయి. ఇన్నాసి వచ్చేసరికి ముప్పై దాటీ దాటని కుర్రవాడు. సన్నగా, పొడుగ్గా, హార్మోనియం పెట్టె భుజాన వేసుకుని బస్సు దిగాడు. అంతకుముందున్న ముసలి ఫాదర్‌కు పూజకు ఒక్క నిమిషం ఆలస్యమైనా కోపం వచ్చేది. ఈయన మొదటి వారమే షిఫ్టులు ఎప్పుడు మొదలై ఎప్పుడు దిగుతాయో ఒక కాగితం మీద రాయించుకున్నాడు. పూజ వేళలు వాటికి తగ్గట్టు మార్చాడు. నైట్ షిఫ్టు దిగి వచ్చేవాళ్లు స్నానం లేదని సిగ్గుపడితే, "బొగ్గు ముఖంతోనే రండి, దేవుడు గుర్తుపడతాడు" అన్నాడు. ఆ మాట కాలనీ అంతా పాకింది. ఆ తరువాతి ఆదివారాల్లో వెనక బెంచీలు నల్లగా నిండిపోయేవి. పూజలో ఫాదర్ పంచే తెల్లటి అప్పం అందుకోవడానికి నల్లటి అరచేతులు చాచేవారు.

గనివాళ్ల పునీతురాలు బార్బరమ్మ పండుగ మొదలుపెట్టింది కూడా ఆయనే. ఆ రోజు టోపీకి లైటు తగిలించుకుని బాయిలోకి దిగాడు. అడుగున అందరితో కలిసి కూర్చుని యిర్మియా సద్దిలోంచే తిన్నాడు. పొలాల్లో ఆడవాళ్లు పాడుకునే వరసల్లో దేవుని పాటలు కట్టాడు. క్రైస్తవులు కానివాళ్లు కూడా వాటిని పాడుకునేవారు. అందుకే ఆయన పేరు పాటల ఫాదర్ అయింది.

పైకప్పు కూలి ముగ్గురు లోపల ఉండిపోయినప్పుడు, రెండు రోజులు వానలో బాయి ముందర ఆ కుటుంబాలతోనే నిలబడ్డాడు. ఆ ముగ్గురిలో ఒక్కరూ క్రైస్తవులు కారు. అందులో ఒకరి భార్య సారక్క ఇప్పటికీ ఆయన పేరు వింటే చేతులు జోడిస్తుంది. డానీని కాలేజీలో చేర్పించిందీ ఆయనే. డానీ ఈరోజు కంపెనీ ఆఫీసులో క్లర్కుగా కూర్చున్నాడంటే దాని వెనక ఆయన చెయ్యి ఉంది.

ఇవన్నీ నిజం. యిర్మియా కళ్లారా చూసిన నిజం.

ఇంకొకటి కూడా నిజం. దాన్ని ఆయన ఇన్నేళ్లూ తీసి చూడలేదు.

ఇరవై ఒక్క ఏళ్ల కిందటి తపస్సు కాలం, ఈస్టర్‌కు ముందరి ఉపవాస దినాలు. మొదటి షిఫ్టు దిగి వచ్చి, క్వార్టర్ ముందు మంచం మీద కూర్చుని చెవుల్లోంచి బొగ్గు పొడి తీసుకుంటున్నాడు. తనతోపాటు పనిచేసే పౌలయ్య కూతురు రెజీనా వచ్చింది. గుడి పాటల గుంపులో మొదటి గొంతు ఆ పిల్లదే. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, ఆ రోజు చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"కాకా, నేను ఇగ పాటలకు రాను."

"ఎందుకు బిడ్డా? ఈస్టర్ దగ్గరికొచ్చె గదా."

"ఫాదర్ దగ్గరికి ఒక్కదాన్ని పోను కాకా. ఆయన..."

యిర్మియా చెయ్యి పైకెత్తాడు. ఎందుకెత్తాడో ఆయనకు ఇప్పుడు బాగా తెలుసు. ఆ మాట పూర్తయితే తన లోకంలో చాలా కూలిపోతుందని ఆ క్షణంలోనే అర్థమైంది.

"ఫాదర్ గురించి గట్ల మాట్లాడొద్దు. పాపం తగుల్తది. పో, ఇంటికి పో."

ఆ పిల్ల ఏడ్చింది. శబ్దం లేకుండా ఏడ్చింది. తరువాత వెళ్లిపోయింది. నెల తిరక్కుండా కరీంనగర్‌లో మేనత్త ఇంటికి చేరింది. గుడిలో ఎవరడిగినా ఉద్యోగం కోసం పోయిందని యిర్మియానే చెప్పాడు.

బాయిలో ఆయనకు మంచి చెవి ఉందని పేరు. కర్రతో పైకప్పును తట్టి, చప్పుడును బట్టి బండ గట్టిగా ఉందో లోపల బోలుగా ఉందో చెప్పేవాడు. అట్లాంటి చెవి ఇంటి గుమ్మంలో నిలబడ్డ ఆడపిల్ల గొంతును వినలేదు.

యేసమ్మ చాయ్ తెచ్చి పక్కన కూర్చుంది.

"అద్దాలు దొరికినయా?" అంది.

ఆయన తల దించుకున్నాడు.

"ఆ రోజు నేను పొయ్యికాడ ఉన్న. అంత ఇన్న," అంది ఆమె. "మన ఆఖరోడు రుత్విక్ నా కడుపుల ఉన్నడు గప్పుడు. పొల్ల ఎనక ఉరుకుదామనుకున్న. నువ్వు ఏమంటవో అని ఆగిన. గా ఆగుడు నన్ను గూడ తింటాంది."

"ఆ ఫాదర్ చేసినయన్ని అబద్ధమైతయా యేసమ్మా?"

"ఎందుకు అబద్ధమైతయి? ఆయన వానల నిలబడ్డది నేను చూసిన. ఆ పిల్ల ఏడ్చింది గూడ చూసిన. ఒకటి చూసిన అని ఇంకోటి చూడలేదని ఎట్ల చెప్త?"

మర్నాడు ఇద్దరూ పెద్దపల్లి బస్సెక్కారు.

రెజీనాకు ఇప్పుడు నలభై మూడు. అద్దె ఇంటి మేడ మీద తల్లితో ఉంటోంది. తలుపు తీసి, ఇద్దరినీ చూసి, లోపలికి రమ్మనడానికి కొంచెం సమయం తీసుకుంది. తరువాత కుర్చీలు జరిపి నీళ్లిచ్చింది.

"మాట వాపసు తీసుకోమని చెప్పనీకి వచ్చినవా కాకా? నిన్న గిట్లనే ఇద్దరొచ్చిండ్రు."

"గాదు బిడ్డా." యిర్మియా నీళ్ల గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "నువ్వు ఆ రోజు నా దగ్గరికి వచ్చినవు. నేను ఇనలె. అది తప్పు. ఆ ముక్క నీ ముఖం చూసి చెప్పాలెనని వచ్చిన."

రెజీనా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాయిన గూడ ఇనలె," అంది. "ఉపదేశి కాకనే ఇనకపోతే ఇగ ఎవరింటరని నాయిన అన్నడు. సచ్చిపోయేదాక గదే అన్నడు."

యేసమ్మ లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

"ఇన్నేండ్లకు ఎందుకు చెప్పినవని అందరు అడుగుతుండ్రు కాకా. ఆయన వీడియోలు చూసిన. ఆడపిల్లలను ముంగట నిలబెట్టి పాటలు పాడిస్తుండు. నాకు నిద్ర పట్టలె. బిషప్‌గారికి రెండుసార్లు ఉత్తరం రాసిన, జవాబు రాలె. గందుకే టీవీవోళ్లకు చెప్పిన. ఆ దినాలు నాకు యాదికి లేవనుకుంటున్నవా? మంచుల పొద్దుగాల్ల గుడికి నడుసుకుంట పోవుడు, షిఫ్టు దిగినోళ్లు మనతోని గొంతు కలుపుడు... నా బతుకుల గంత మంచి దినాలు మళ్ల రాలె. గవి అబద్ధమని నేను ఎన్నడనలె. నా నుంచి గవి గుంజుకున్నది ఆయన."

ఆ రోజుల మీద తనకొక్కడికే హక్కున్నట్టు యిర్మియా ఇన్నేళ్లూ తిరిగాడు.

"నన్నేం చెయ్యమంటవు?" అన్నాడు.

"నేను వచ్చిన, చెప్పబోయిన, నువ్వు ఇనలేదు. గిదే అడిగినోళ్లకు చెప్పు. ఎక్కువ చెప్పొద్దు, తక్కువ చెప్పొద్దు."

తరువాతి ఆదివారం మళ్లీ బల్ల పడింది. అప్పటికే వంద దాకా సంతకాలు అయ్యాయి. పైన మొదటి గీత మాత్రం ఖాళీగా వదిలి పెట్టారు. యిర్మియా ఈసారి అద్దాలు పెట్టుకుని ఉత్తరం మొత్తం చదివాడు. పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"నేను పెట్ట."

యిర్మియా వరండాలో ఉన్నవాళ్ల వైపు తిరిగాడు.

"గప్పుడు రెజీనా నా ఇంటికొచ్చింది. ఫాదర్ దగ్గరికి ఒక్కదాన్ని పోనని ఏడ్చింది. నేను నోరు మూయించి పంపిన. ఇరవై ఒక్క ఏండ్లు ఎవ్వరికి చెప్పలె. ఆ పిల్ల అబద్ధమాడుతాందని నేను ఎట్ల రాస్త?"

"అంటే ఫాదర్ తప్పు చేసిండంటవా?" అన్నాడు డానీ. "నీ సద్దిల తిన్నడు, నాకు సదువు పెట్టిండు, ఆయనను సిలువేస్తవా కాకా?"

"చేసిండో లేదో తేల్చెటోళ్లున్నరు. పోలీసులున్నరు, బిషప్‌గారు ఎంక్వైరీ ఏస్తరట. తేల్చేది నేను గాదు, నువ్వు గాదు. ఆయన కోసం ప్రార్థన చేద్దాం, చెయ్యొద్దని అంటలేను. కని ఆ పిల్ల బడి ముంగట పోయి కూసుంటే మాత్రం నేను పోయి ఆమె పక్కన కూసుంట. మనం మొక్కేది దేవునికి బిడ్డా, ఫాదర్‌కు గాదు."

ఎవరో వెనకనుంచి ముసలాయనకు మతి పోయిందన్నారు. యిర్మియా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయిన ఒకామెను భర్త లాక్కుపోయాడు. ఆ రోజు నుంచి యిర్మియా గుడిలో కూర్చునే బెంచీ మీద ఆయన, యేసమ్మ తప్ప ఎవరూ కూర్చోలేదు. ప్రార్థన చెప్పించే పని వేరేవాళ్లకు ఇచ్చారు. పెద్దపల్లి బడికి మాత్రం ఎవరూ పోలేదు.

ఎంక్వైరీ అక్టోబరులో జరిగింది. ఒక రిటైర్డ్ జడ్జి, ఒక సిస్టరు, వేరే బిషప్ పీఠం నుంచి వచ్చిన ఒక ఫాదర్ కూర్చున్నారు. యిర్మియా చెప్పడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. రెజీనా చెప్పమన్నంతే చెప్పాడు.

రెండు రోజుల తరువాత ఫోన్ మోగింది. ఆ గొంతు ఎన్నేళ్లయినా మారలేదు.

"యిర్మియా... నువ్వు కూడానా?"

యిర్మియా తెలియకుండానే లేచి నిలబడ్డాడు. "దండాలు ఫాదర్."

"నీ సద్దిలో తిన్నాను కదయ్యా."

"తిన్నరు ఫాదర్. ఆ దినం నా బతుకుల మర్చిపోను. ఆమె నా దగ్గరికి వచ్చింది. అదే చెప్పిన. మీరు ఏం చేసిండ్రో మీకు తెలుసు. మీరు చెప్పుండ్రి ఫాదర్. మాకు ఎన్నిసార్లో పాపసంకీర్తనం చేయించిండ్రు. చెప్పుకుంటే బరువు దిగుతదని మీరే అంటిరి."

అవతల ఊపిరి మాత్రం వినిపించింది. తరువాత ఫోన్ పెట్టేశారు. యిర్మియా గోడకు ఆనుకుని కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. యేసమ్మ అడ్డుపడలేదు.

అక్టోబరు చివర్లో బిషప్‌గారి ఉత్తరాన్ని పూజలో చదివారు. ఇన్నాసిగారు ఇక పూజ చేయకూడదు, ఎక్కడా ప్రసంగించకూడదు. మరో ఇద్దరు ఆడవాళ్లు కూడా ముందుకొచ్చారని, కేసు కోర్టుకు వెళ్తోందని అందులో ఉంది. రెజీనా రాసిన ఉత్తరాలకు జవాబివ్వనందుకు క్షమించమని కూడా ఉంది. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. చివరి పాటకు హార్మోనియం మోగింది గానీ, గొంతులు సగమే లేచాయి.

నవంబరు రెండు, చనిపోయినవాళ్ల పండుగ. సమాధుల దగ్గర గడ్డి పీకి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించడానికి పొద్దున్నే అందరూ వచ్చారు. ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్ల దుమ్ము సమాధుల మీద సన్నటి పొరలా పడి ఉంది. రెజీనా తల్లిని తీసుకుని వచ్చింది. పౌలయ్య సమాధి ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. పదమూడేళ్లుగా ఎవరూ రాలేదు, ముళ్లకంప కమ్ముకుంది.

యిర్మియా గొడ్డలి తీసుకుని వంగాడు. రెండు దెబ్బలకే నడుం పట్టేసింది. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి గొడ్డలి అందుకుంది. డానీ.

"కాకా, నాకు ఇంకా నమ్మబుద్ధి కాట్లే," అన్నాడు, ఆయన వైపు చూడకుండా.

"జల్ది నమ్మమని ఎవ్వరు అంటలేరు బిడ్డా. నాకు ఇరవై ఒక్క ఏండ్లు పట్టింది."

డానీ కంప నరకడం మొదలుపెట్టాడు. కొట్టిన కొమ్మలను రెజీనా ఒక పక్కకు లాగి వేస్తోంది. చాలా ముళ్లుండే చోట డానీ ఆగి, "అక్కా, నువ్వు ఇటు రాకు, గీరుకుంటది," అన్నాడు. రెజీనా ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది.

యేసమ్మ అప్పటికే నీళ్ల బిందె తెచ్చి రాతి మీది దుమ్మును కడుగుతోంది. పౌలయ్య పేరు ఒక్కో అక్షరమే బయటపడుతోంది.